ప్రశ్నలు లేని జవాబులు: ఇసబెల్ గౌడీ కేసు, 1662

1662 ఏప్రిల్ 13న, స్కాట్లండ్ ఈశాన్య తీరాన నేర్న్ పట్టణానికి దగ్గరలో ఉన్న ఆల్డర్న్ గ్రామంలో, ఇసబెల్ గౌడీ అనే స్త్రీ తాను మంత్రగత్తెనని ఒప్పుకుంది. లాఖ్‌లోయ్‌లో కాపురం ఉండే జాన్ గిల్బర్ట్ భార్యగా తప్ప ఆమె ఎవరో రికార్డు చెప్పదు. ఆమె వయసు గాని, చదువు గాని, పిల్లల ప్రస్తావన గాని అందులో లేవు. ఆ తరువాత మే 3న, మే 15న, మే 27న మరో మూడుసార్లు ఆమె చేత చెప్పించి రాసుకున్నారు. ఆరు వారాల వ్యవధిలో తయారైన ఈ నాలుగు వాంగ్మూలాలు స్కాట్లండ్ మంత్రగత్తెల విచారణల్లో అత్యంత వివరమైనవిగా పేరు పొందాయి. 1833లో రాబర్ట్ పిట్‌కేర్న్ వాటిని అచ్చు వేయించిన నాటి నుంచి జానపద పరిశోధకులు, చరిత్రకారులు వాటిని చదువుతూనే ఉన్నారు. సెషన్స్ కోర్టుల్లో ముద్దాయిల తరఫున వాదించే వృత్తిలో ఉన్నవాడిగా నేను వాటిని చదివేది వేరే దృష్టితో. నేరాంగీకారం మీదనే నిలబడిన కేసును డిఫెన్స్ న్యాయవాది ఎలా చదవాలో జూనియర్లకు చెప్పవలసి వచ్చినప్పుడు నేను మొదట తీసేది ఈ ఫైలునే.

ముందుగా చట్టం. 1563లో స్కాట్లండ్ పార్లమెంటు చేసిన శాసనం చేతబడిని మరణశిక్షకు తగిన నేరం చేసింది. అది 1736లో రద్దయ్యే వరకు ఈ నేరం కింద ఆరోపణలు ఎదుర్కొన్నవారి పేర్లను ఎడిన్‌బరా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకచోట చేర్చగా 3,837 మంది తేలారు. వారిలో నూటికి దాదాపు 84 మంది స్త్రీలు. శిక్ష పడినవారిని మామూలుగా కొయ్యకు కట్టి, గొంతు బిగించి చంపి, ఆపై శవాన్ని తగలబెట్టేవారు. ఆరోపణలు ఏళ్ల తరబడి సమానంగా రాలేదు. కొన్ని సంవత్సరాల్లో ఒక్కసారిగా ఎగసి మళ్లీ చల్లారేవి. 1661-62 అలాంటి కాలం, బహుశా అన్నింటిలోకీ పెద్దది. అప్పుడు 600 మందికి పైగా ఆరోపణల్లో చిక్కుకున్నారు. ఇసబెల్ గౌడీ వారిలో ఒకరు.

విచారణ జరిగే తీరు ఈ కేసుకు చాలా ముఖ్యం. ఎడిన్‌బరాలోని జస్టిషియరీ కోర్టుకు, అంటే దేశపు పెద్ద క్రిమినల్ కోర్టుకు, వెళ్లే కేసులు కొద్ది. ఎక్కువ కేసుల్లో ఊరి చర్చి పెద్దలూ పాస్టరూ అనుమానితురాలిని ప్రశ్నించి, ఒప్పుకోలు రాయించి, దాన్ని రాజధానిలో రాజు తరఫున పాలన చూసే ప్రివీ కౌన్సిల్‌కు పంపేవారు. కౌన్సిల్ ఆ కాగితాలు చూసి, స్థానిక భూస్వాములకే విచారణాధికారం ఇస్తూ కమిషన్ జారీ చేసేది. ఆ కమిషనర్లలో ఎక్కువమందికి న్యాయశాస్త్రం తెలియదు, కాని ముద్దాయి మాత్రం బాగా తెలుసు. తీర్పు చెప్పే పదిహేను మంది జ్యూరీ సభ్యులూ ఆ చుట్టుపక్కలవారే, వారిలో ఎక్కువమంది మాటే తీర్పు. న్యాయవాదిని పెట్టుకునే హక్కును 1587 నాటి చట్టం ముద్దాయికి ఇచ్చింది. అయితే నేర్న్‌షైర్‌లో ఒక పేద ఇల్లాలు ఎడిన్‌బరా నుంచి అడ్వొకేట్‌ను రప్పించుకోవడమంటే కాగితం మీది మాటే. ఈ పద్ధతిలో కేసు అసలు భవితవ్యం తేలేది కోర్టులో కాదు, ఒప్పుకోలు రాసుకున్న గదిలో.

కాబట్టి ఆ గదిలో ఎవరున్నారో చూడాలి. ఏప్రిల్ 13 నాటి వాంగ్మూలం పైభాగంలో సాక్షుల పేర్లున్నాయి: ఆల్డర్న్ పాస్టరు హ్యారీ ఫోర్బ్స్, నేర్న్ షెరీఫ్ డెప్యూటీ విలియం డల్లస్, గ్రేంజ్ కుటుంబానికి చెందిన థామస్ డన్‌బార్, ఇంకా మరికొందరు డన్‌బార్లు, ఒక బ్రోడీ, హెన్రీ హే, హ్యూ హే, ఊళ్లో ఉండే మరో ఇద్దరు. రాసినవాడు నోటరీ జాన్ ఇన్స్. ఆమె చేసిన పాపాలకు పశ్చాత్తాపపడుతూ, ఎలాంటి బలవంతమూ లేకుండా చెబుతోందని మొదటి వాక్యాల్లోనే రాసి ఉంది. చాలామంది చదువరులు ఈ మాటను ఉన్నదున్నట్టు తీసుకున్నారు. ఆమె తనంతట తానుగా వచ్చి చెప్పిందని, కనుక ఆమె మతిస్థిమితం లేనిదో, కల్పనాశక్తి పొంగిపొర్లినదో అయి ఉండాలని నిర్ణయానికి వచ్చారు. బూజు పట్టిన ధాన్యం తిని భ్రమలకు లోనైందన్నవారూ ఉన్నారు. ఫైలు చూసి రోగం పేరు చెప్పడం నా వృత్తికి తగిన పని కాదు. ఆ ఫైలు ఎలా తయారైందో చూడడమే నా పని.

మొదట తేదీ. ఇసబెల్ మొదటి వాంగ్మూలానికి సరిగ్గా మూడు రోజుల ముందు, 1662 ఏప్రిల్ 10న, ప్రివీ కౌన్సిల్ ఒక ప్రకటన జారీ చేసింది. ప్రత్యేక వారంటు లేకుండా ఎవరినీ చేతబడి నేరం కింద నిర్బంధించరాదని, సూదులతో గుచ్చి ఒంటి మీద సైతాను గుర్తు వెతకడం, నిద్ర పోనివ్వకుండా కాపలా కాయడం, చిత్రహింస పెట్టడం కౌన్సిల్ ఉత్తర్వు లేకుండా చేయరాదని దాని సారాంశం. ఈ నిషేధమే ఆ పనులు దేశమంతటా మామూలుగా జరుగుతున్నాయనడానికి సాక్ష్యం. ఎడిన్‌బరాలో వెలువడిన ప్రకటన ఆ కాలపు దారుల్లో, కొండలు దాటుకుని నేర్న్ దాకా మూడు రోజుల్లో చేరి అమలైందని నేను నమ్మను. పైగా ఆ రోజుల్లో అధికారులు బలవంతం అంటే బిగించే ఇనుప పనిముట్లను తలచుకునేవారు. రాత్రంతా కూర్చోబెట్టి మేల్కొలిపి ఉంచడాన్ని ప్రార్థనకు సాయంగా, ఆమె ఆత్మను కాపాడడానికి చేసే జాగరణగా చెప్పుకునేవారు. అందుచేత బలవంతం లేదని నోటరీ రాసిన మాటకు నేనిచ్చే విలువ, ముద్దాయి స్వచ్ఛందంగా చెప్పాడని దర్యాప్తు అధికారి రాసిన మాటకు మన కోర్టులు ఇచ్చేంతే. ఇసబెల్‌ను హింసించారని నేను చెప్పడం లేదు. హింసించలేదని ఆ వాక్యం రుజువు చేయదు, అంతవరకే.

ఇక ఆ గదిలో కూర్చున్నవారికీ కేసుకూ ఉన్న సంబంధం. ఇసబెల్ ఒప్పుకున్న నేరాల్లో బరువైనది పార్క్ ఎస్టేటు దొర హే గారి మగపిల్లల చావు. మట్టితో బిడ్డ బొమ్మ చేసి, దాన్ని నిప్పు దగ్గర కాల్చి, ఆ పిల్లలను చంపామని ఆమె చెప్పింది. ఆమె కాపురం ఉన్న లాఖ్‌లోయ్ ఆ హే కుటుంబపు భూమే. సాక్షుల్లో ఇద్దరి ఇంటి పేరు హే. ఆ మరుసటి రోజు, ఏప్రిల్ 14న, ఇదే మట్టిబొమ్మ కథను జానెట్ బ్రెడ్‌హెడ్ అనే మరో స్త్రీ చెప్పింది. ఆ వాంగ్మూలం రాసుకున్న చోటు ఇన్షాక్, అంటే పిల్లలను పోగొట్టుకున్న హే కుటుంబపు సొంత కోట. ఇద్దరు స్త్రీలు ఒకే సంగతి చెప్పారు గనుక నిజమయి ఉండాలని ఆనాటి అధికారులు భావించారు. ఇద్దరినీ ప్రశ్నించింది ఒకే వర్గం వారు. మొదటి రోజు వారికి తెలిసిన సంగతి రెండో రోజు వారి ప్రశ్నల్లోకి రాకుండా ఉండదు. ఇద్దరి మాటలు కలిశాయంటే ఇద్దరినీ అడిగినవారు ఒక్కరేనని కూడా అర్థం కావచ్చు. సహముద్దాయిల వాంగ్మూలాలు ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు కలిసినప్పుడల్లా నేను ముందు అడిగే ప్రశ్న ఇదే.

పాస్టరు హ్యారీ ఫోర్బ్స్ సంగతి ఇంకా తీవ్రమైనది. ఆయన ఈ విచారణలో ముఖ్యుడు. అదే ఆయన ఇసబెల్ ఒప్పుకున్న నేరాల్లో బాధితుడు కూడా. ఆయన జబ్బు పడి ఉన్నప్పుడు కుందేలు కాలేయం, కప్ప పేగులు, బార్లీ గింజలు, గోళ్ల ముక్కలు వంటివి కలిపి నానబెట్టి, ఆ మూటను ఆయన మీద ఊపి చంపాలని చూశామని, ఆయన దగ్గర మనుషులు ఉండడం వల్ల కుదరలేదని ఆమె చెప్పింది. ఒకసారి ఆయన మీద మంత్రపు బాణం వేస్తే గురి తప్పిందని కూడా చెప్పింది. తనను చంపడానికి ప్రయత్నించిందని తాను నమ్ముతున్న స్త్రీని తానే ప్రశ్నించి, తన ముందే ఆమె చేత ఒప్పించి, ఆ కాగితానికి తానే మొదటి సాక్షిగా నిలిచాడు. ఫోర్బ్స్ దుర్మార్గుడని అనడానికి ఆధారం లేదు. ఆయన నిజంగానే భయపడి ఉంటాడు. కాని భయపడిన మనిషి అడిగే ప్రశ్నలకు ఒక దిశ ఉంటుంది, ఎదుట కూర్చున్న నిస్సహాయురాలికి ఆ దిశ తెలియకుండా ఉండదు.

దొర మీద వేసిన బాణం గురించి చెప్పిన చోట ఒక చిన్న మాట ఉంది. పార్క్ దొర బోత్ వాగు దాటుతుండగా బాణం వేశానని, గురి తప్పినందుకు తోటి స్త్రీ బెస్సీ హే తనను గట్టిగా కొట్టిందని చెబుతూ, ఆయనను కాపాడినందుకు ఇప్పుడు దేవుడికి కృతజ్ఞతలు అని మధ్యలో చేర్చింది. ఈ వాక్యం చదివినప్పుడు నాకు ఆ గది కళ్ల ముందు కనిపిస్తుంది. తన ఎదుట దొర మనుషులు కూర్చుని ఉన్నారని ఆమె ఒక్క క్షణం కూడా మరిచిపోలేదు.

ఇక వాంగ్మూలం లోపలికి వెళ్దాం. డిఫెన్స్ న్యాయవాదిగా నేను చేసే పని, చెప్పిన మాటల్లో ప్రశ్నకు జవాబుగా వచ్చినవి ఏవి, ఆమె తనంతట తాను చెప్పినవి ఏవి అని వేరు చేయడం. సైతానును మొదట కలిసిన చోటు, ఆల్డర్న్ చర్చిలో రాత్రి వేళ బాప్టిజాన్ని వదులుకోవడం, మార్గరెట్ బ్రోడీ అనే స్త్రీ తనను పట్టుకుని ఉండగా సైతాను భుజం మీద గుర్తు వేసి, అక్కడి రక్తంతో తనకు జానెట్ అని కొత్త పేరు పెట్టడం, వాడితో శరీర సంబంధం, తమ గుంపులోని మిగతావారి పేర్లు: ఇలాంటివన్నీ ఆ కాలంలో దేశమంతటా తీసుకున్న వాంగ్మూలాల్లో కనిపిస్తాయి. ప్రశ్నించేవారు తెలుసుకోదలచినవి ఇవే. న్యాయపరంగా అవసరమైనవీ ఇవే. ఫైలు మీద జస్టిస్ డెప్యూటీ అలెగ్జాండర్ కాల్విల్ రాసిన అభిప్రాయం చూస్తే ఇది స్పష్టమవుతుంది. సైతానుతో ఒప్పందం, బాప్టిజం నిరాకరణ, పలు కీడులు ఒప్పుకున్నందున ఆమె విచారణకు కమిషన్ ఇవ్వడం న్యాయమేనని ఆయన రాశాడు. ఆరు వారాల మాటల్లోంచి ఒక న్యాయాధికారికి కావలసి వచ్చింది ఆ మూడే.

మిగతాదంతా ఇసబెల్‌ది. ఆ మిగతాది చాలా ఎక్కువ, చాలా గొప్పది. గడ్డిపోచల మీద ఎక్కి ఎగరడం, కుందేలుగా మారే పద్యం, తిరిగి మనిషిగా మారే పద్యం, కప్పలను ఎడ్లుగా కట్టి పొలం దున్నడం ఇందులో ఉన్నాయి. ఆ నాగలికి పగ్గాలు గరిక తాళ్లు, సైతాను మేడి పట్టగా గుంపు మనుషులు వెంట నడిచారు. అలా దున్నితే ఆ పొలం సారం తమకు వచ్చి, సొంతదారుకు ముళ్లూ పొదలూ మిగులుతాయట. ఆవు కాళ్ల మధ్య నుంచి తాడు లాగి పాలు దొంగిలించే పద్ధతి చెప్పింది. మోరే ప్రభువు ఉండే డార్న్‌వే ఇంట్లోకి కిటికీల గుండా వెళ్లి, మంచివన్నీ తిని తాగి కొంత వెంట తెచ్చుకున్నామని చెప్పింది. డౌనీ కొండ లోపలికి వెళ్లి, తెల్లని దుస్తులు ధరించిన యక్షిణుల రాణిని చూశానని, ఆమె తనకు తినగలిగిన దానికంటే ఎక్కువ ఆహారం పెట్టిందని, అక్కడి ఎద్దులు రంకెలు వేస్తుంటే తనకు భయం వేసిందని చెప్పింది. పొలం సారం, పాలు, దొరవారి భోజనం, తినగలిగిన దానికంటే ఎక్కువ ఆహారం. సైతాను గురించి అడిగినవారికి ఆమె మళ్లీ మళ్లీ తిండి గురించి జవాబు చెప్పింది. 1645లో ఆల్డర్న్ దగ్గరే రాజు పక్షపు మాంట్రోజ్ సైన్యానికీ, రాజును ఎదిరించిన కవనెంటర్లకూ యుద్ధం జరిగింది. సైన్యాలు తొక్కిన పొలాల మధ్య బతికిన మనిషి కలలు ఇలా ఉండడంలో నాకు వింత కనిపించదు. ఇందులో పిచ్చి కూడా కనిపించదు. ఆ ప్రాంతపు పాటలూ కథలూ వంటపట్టిన, మాట నేర్పు కలిగిన స్త్రీ ఒకతె కనిపిస్తుంది. ఆ నేర్పును వినే సభ ఆమెకు దొరికింది ఆ గదిలోనే కావడం నన్ను బాధ పెడుతుంది.

నోటరీ ప్రవర్తన ఇక్కడ గమనించదగినది. పద్యాలను వరసగా రాసుకున్నాడు, చావులను పేర్లతో సహా రాసుకున్నాడు. యక్షిణుల రాణి దగ్గరికి వచ్చేసరికి మాట మధ్యలో ఆపి 'వగైరా' అని వదిలేశాడు. ప్రాసిక్యూషన్‌కు పనికిరానిది కాగితం మీదికి ఎక్కలేదు. అలాగే, ఆమె రాత్రి వెళ్లేటప్పుడు మంచం మీద చీపురు పెట్టి మంత్రం చెబితే అది భర్తకు భార్యలాగే కనిపించేదన్న మాట రాసి ఉంది. ఆ కాలపు కథల్లో ఇది సాధారణమైన సంగతే. నాకు మాత్రం దాని వెనుక ఒక ప్రశ్న వినిపిస్తుంది: నీ భర్తకు తెలుసా? చీపురు కథతో జాన్ గిల్బర్ట్ ఈ కేసులోంచి బయటపడ్డాడు. ఇది నా ఊహే, అయితే ఆమె ఎంత తెలివిగా జవాబులు చెప్పిందో ఈ ఒక్క చోటే అర్థమవుతుందని నా నమ్మకం.

మే 15 నాటి మూడో వాంగ్మూలంలో హత్యలు పెరిగాయి. సైతాను చెక్కి ఇవ్వగా చిన్న యక్షులు పదును పెట్టే రాతి బాణాలను బొటనవేలి గోటితో విసిరి మనుషులను చంపామని చెప్పింది. ఆ పొలాల్లో దున్నుతుంటే రాతియుగపు చెకుముకి బాణపు మొనలు నిజంగానే దొరికేవి, వాటినే జనం యక్షుల బాణాలనేవారు. అంటే నేరానికి వాడిన ఆయుధం అందరూ కళ్లారా చూసిన వస్తువే. మాయిన్స్ మిల్‌టౌన్‌లోని విలియం బోవర్ చావుకు తాను అన్నింటికంటే ఎక్కువ బాధపడుతున్నానని కూడా ఆమె చెప్పింది. ఇక్కడ ప్రాసిక్యూషన్ కేసు బలపడిందని అనిపిస్తుంది. నిజానికి ఇక్కడే బలహీనపడింది. ఆ చనిపోయినవారు ఎలా చనిపోయారో స్వతంత్రంగా చెప్పిన సాక్షి వాంగ్మూలంలో లేడు. నేరం జరిగిందనడానికీ, ఆమే చేసిందనడానికీ, ఆయుధం ఇదేననడానికీ ఆధారం ఒకే నోరు. ఊళ్లో ఎప్పుడో చనిపోయిన ప్రతి మనిషికీ ఒక హంతకురాలు దొరికింది.

మన చట్టంతో పోల్చడం ఇక్కడ అవసరమే, ఎందుకంటే లోపం ఎక్కడుందో అది వేలు పెట్టి చూపిస్తుంది. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు మన దగ్గర రుజువుగా చెల్లదు. మెజిస్ట్రేటు నేరాంగీకారాన్ని నమోదు చేసేటప్పుడు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 164వ సెక్షను, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షను ప్రకారం, చెప్పనవసరం లేదని, చెబితే అది నీకే వ్యతిరేకంగా వాడవచ్చని ముద్దాయికి వివరించాలి. రాసే పద్ధతికి పాత కోడ్‌లో 281వ సెక్షను, ఇప్పటి సంహితలో 316వ సెక్షను వర్తిస్తుంది. అడిగిన ప్రతి ప్రశ్నా, వచ్చిన ప్రతి జవాబూ పూర్తిగా రాయాలని ఆ సెక్షను చెబుతుంది. జూనియర్లు దీన్ని ఫారం నింపే లాంఛనంగా చూస్తారు. ఆల్డర్న్ కాగితాలు చదివాక అలా చూడలేరు. ఆ నాలుగు వాంగ్మూలాల్లో ఇసబెల్ నిమిషాల తరబడి ఏకధాటిగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది, ఎందుకంటే ప్రశ్నలన్నీ తీసేశారు. ప్రశ్న తీసేస్తే ప్రశ్నించినవాడు మాయమై, చెప్పినామె ఒక్కతే మిగులుతుంది. అవి అచ్చయిన నాటి నుంచి ఆమెను పిచ్చిదనో, నిజమైన మంత్రగత్తె అనో చదవడానికి కారణం ఆ తీసివేతే.

కౌన్సిల్‌కు ఈ ప్రమాదం తెలియదని అనలేం. ఆ సంవత్సరం జారీ చేసిన కమిషన్లలో కొత్త షరతులు చేరాయి. హింస గాని, పరోక్షమైన ఒత్తిడి గాని లేకుండా స్వచ్ఛందంగా ఒప్పుకుని ఉండాలి. ఒప్పుకున్నప్పుడు మతి స్థిమితంగా ఉండాలి. చావాలన్న బలమైన కోరిక ఉండకూడదు. విచారణలో మళ్లీ అదే ఒప్పుకోలు చెప్పాలి. ఈ షరతుల్లో చావు కోరిక గురించినది నన్ను ఎప్పుడూ ఆపుతుంది, ఎందుకంటే ఒక ప్రభుత్వ కాగితంలోకి అలాంటి మాట ఊరికే రాదు. 1661లో జస్టిస్ డెప్యూటీగా పనిచేసి, తరువాత లార్డ్ అడ్వొకేట్, అంటే ప్రభుత్వ ప్రధాన న్యాయవాది, అయిన జార్జ్ మెకెంజీ, 1678లో వెలువడిన తన నేరచట్ట గ్రంథంలో ఒక సంగతి రాశాడు. కోర్టు ముందు ఒప్పుకున్న ఒక స్త్రీని ఆయన ప్రశ్నించినప్పుడు, తాను దోషిని కానని ఆమె రహస్యంగా చెప్పిందట. కూలి చేసుకుని తినే తనకు మంత్రగత్తె అన్న పేరు పడ్డాక ఎవరూ తిండి పెట్టరు, గూడు ఇవ్వరు, అందరూ కొడతారు, కుక్కలను ఉసిగొల్పుతారు, అందుకే లోకం విడిచిపోవాలని ఒప్పుకున్నానని చెప్పి మోకాళ్ల మీద పడి ఏడ్చిందట. తెలుగు జిల్లాల్లో చేతబడి అనుమానంతో వెలివేతకు గురైన స్త్రీల గురించి తెలిసినవారెవరికైనా ఈ మాటల్లో అతిశయోక్తి కనిపించదు. విడుదల అయితే మాత్రం ఆమె వెళ్లేదెక్కడికి?

1662 జులైలో ప్రివీ కౌన్సిల్ ఇసబెల్ గౌడీ, జానెట్ బ్రెడ్‌హెడ్‌ల విచారణకు కమిషన్ జారీ చేసింది. తీర్పు కాగితం దొరకలేదు. సాధారణంగా ఆ దశకు వచ్చినవారికి ఏం జరిగేదో తెలిసినందున, చాలామంది ఆమెను ఉరి బిగించి తగలబెట్టారనే రాస్తారు. కాగితం లేనిచోట నేను శిక్ష రాయను.

నాకు ఆ జులైలో వకాల్తా దొరికి ఉంటే దేని మీద నిలబడేవాడిని? సైతాను లేడని వాదించి లాభం లేదు, ఆ జ్యూరీలో ఒక్కరూ వినరు. ఆమెకు మతి లేదని వాదించడమూ ప్రమాదమే, ఎందుకంటే అంత పొందికగా నాలుగుసార్లు చెప్పిన మనిషికి మతి లేదంటే ఎవరూ నమ్మరు. ఫోర్బ్స్ బాధితుడు గనుక ఆయన సాక్ష్యం పక్కన పెట్టమనడం బలమైన వాదన, కాని ఊరి పాస్టరును అవమానించినట్టు అవుతుంది, జ్యూరీ మొహం ముడుచుకుంటుంది. కౌన్సిల్ స్వయంగా పెట్టిన షరతులను పట్టుకోవడమే దారి. స్వచ్ఛందంగా ఒప్పుకుందో లేదో తేల్చవలసిన బాధ్యత షరతు ప్రకారం కమిషనర్ల మీదే ఉంది, అది తేలాలంటే ఆమెను ఏమేం అడిగారో తెలియాలి. కనుక నా మొదటి దరఖాస్తు నోటరీ జాన్ ఇన్స్‌ను ప్రమాణం మీద సాక్షిగా పిలిపించమని ఉండేది. ఏప్రిల్ 13న ఆమెను తీసుకువచ్చేసరికి ఆమె ఎన్ని రాత్రులు నిద్రపోయి ఉంది, ఎవరు కాపలా ఉన్నారు, పిల్లల చావు మాట మొదట ఎత్తింది ఆమేనా లేక గదిలో ఇంకెవరైనానా, 'వగైరా' అని వదిలిన చోట ఆమె ఇంకా ఏం చెప్పింది అని ఒక్కొక్కటిగా అడిగి, ఆ జవాబులు రికార్డులోకి ఎక్కాకే మిగతా సాక్షులను పిలవమని కోరేవాడిని.